ఒంటి ఇనుము

కిరిన్యాగా రోడ్డులో వాన వెలిసింది గాని
మా షెడ్డు చూరు ఇంకా కారుతూనే ఉంది.
ఒగూతు తన మటాటూని వెనక్కి నడిపి లోపల పెట్టాడు:
ముప్పై మూడు సీట్లు, పక్కన రెక్కలు విప్పిన రాబందు బొమ్మ,
దాని గోళ్ళ కింద ఊదా దీపాలు.
"రోంగాయ్ కుర్రాళ్ళు పాట వినరు, ఎముకల్తో నములుతారు.
నాలుగింటికల్లా మోగాలి" అన్నాడు.

మొదట మైనస్ తీశాను.
ముందు విప్పేదీ అదే, చివర తగిలించేదీ అదే.
గితాహి ఈ తొలి పాఠం
తన బొటనవేలి మీది కాలిన మచ్చ చూపించి చెప్పాడు.

ఎర్ర తీగ నా చిటికెనవేలంత లావు.
బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు;
ఇంకా దూరం పెడితే
ఆ మధ్యలో లేచే మంటకి ఎవరు పూచీ?
రేకుగోడకి బెజ్జం చేసి, అంచుకి రబ్బరు ఉంగరం తొడిగి
లంగాకి బొందు ఎక్కించినట్టు
మెల్లగా, తడుముకుంటూ లోపలికి లాగాను.

కరెంటు ఎడమ పక్క, పాట కుడి పక్క.
రెంటినీ ఒకే కార్పెట్ కింద పడుకోబెట్టకూడదు,
కరెంటు తన సొదంతా పాట చెవిలో పోస్తుంది.
సన్నటి నీలం తీగ ఒకటుంది.
"లే" అని చెప్పడం, "పడుకో" అని చెప్పడం,
అంతే దాని బతుకు.
నాకెందుకో అదంటే ఇష్టం.

ఎర్త్ దగ్గర తొందరపడ్డాను.
సీటు బోల్టు కనబడింది, బిగించేశాను.

ఇంజను వేశాడు ఒగూతు. పాట మొదలైంది.
పాట అడుగున ఒక జోరీగ.
యాక్సిలరేటర్ తొక్కితే దాని గొంతు లేస్తోంది,
వదిలితే మూలుగుతోంది.
ఒగూతు నన్ను చూళ్ళేదు, గితాహిని చూశాడు:
"పిల్ల చేతికిచ్చావ్."

గితాహి టీ తాగుతున్నాడు. గ్లాసు దించకుండానే అడిగాడు:
"చెబెట్, ఈ బండికి నేల ఎక్కడుంది?"
కింద, అన్నాను.
"ఆరు కాళ్ళూ రబ్బరే. పుట్టాక ఇది నేల తాకలేదు.
దీని ఒళ్ళే దీనికి నేల.
నువ్వు ఒంటికి కట్టావా, చొక్కాకి కట్టావా?"

గరుకు కాగితంతో మోకాళ్ళ మీద కూచున్నాను.
నలుపు పోయింది, కింద నారింజ.
నారింజ కింద ఆకుపచ్చ, అందులో ఏదో అక్షరం తోక.
ఆకుపచ్చ కింద వెండి,
వెండి కింద మళ్ళీ నలుపు,
ఆ నలుపు కింద తెలుపు.
ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు
షిల్లింగు బిళ్ళంత గుంటలో వలయం లోపల వలయం.

ఒగూతు వంగి చూశాడు.
"ఒక్క చెయ్యే మారిందన్నాడే అమ్మినవాడు,
అదీ ఒక పాస్టరు గారి చెయ్యి..."
వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు, మళ్ళీ మొదటి నుంచి.
"అయితే నేను కొన్నది ఎన్నో బండి?"
నేను గీకుతూనే ఉన్నాను.
ఇలాంటప్పుడు చేతిలో పనుండటం నయం.

అన్నిటి కిందా ఉంది ఇనుము.
తెల్లగా, చల్లగా, చూరునీటి చుక్క పడినా
తెల్లారేసరికి తుప్పు పట్టేంత పచ్చిగా.
రింగు పెట్టాను, పళ్ళ వాషరు వేశాను,
బోల్టు కిర్రుమనేదాకా తిప్పి పైన గ్రీజు పూశాను.

జోరీగ లేదు.
ఎంత తొక్కినా లేదు.
ఒగూతు గెయిన్ మీదకి చెయ్యి చాపాడు,
గితాహి ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు:
"అది వాల్యూమ్ కాదు నాయనా, అది కొలత."
తర్వాత సీట్ల కింద నుంచి దెబ్బ లేచింది,
చూరుకి వేలాడుతున్న వాననీళ్ళన్నీ
ఒక్కసారే మా నెత్తిన రాలాయి.

నాలుగుంపావు. డబ్బు ఇచ్చేటప్పుడు
రెండు వందలు తగ్గించాడు ఒగూతు.
గితాహి అడగలేదు, నేనూ ఊరుకున్నాను.
రాబందు వెనక్కి వెనక్కి నడిచి రోడ్డెక్కింది.

ఇంటికెళ్ళాక సబ్బుతో తోమాను.
నలుపు పోయింది, నారింజ పోయింది,
ఆకుపచ్చ మాత్రం చూపుడువేలి గోరులో ఉండిపోయింది.
ఎవరి పేరులోదో
ఆ అక్షరం.